రెండో తాళం

మృత్యుంజయరావు మేష్టారికి అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. కళ్ళజోడు తీసి, తువ్వాలు కొసతో తీరిగ్గా తుడుచుకుని, ఎప్పటిదో ఒక సంగతి ఎత్తుకునేవారు. నయంకాని జబ్బులవాళ్ళకి నొప్పి తగ్గించడం ఆయన వైద్యం. "పేరేమో మృత్యుంజయుడు, జన్మంతా కూర్చున్నది పోయేవాళ్ళ మంచాల పక్కన" అని తనమీద తనే విసురుకునేవారు. విజయనగరంలో ఆ ఆస్పత్రి వరండా, సాయంత్రం టీ, చుట్టూ కుర్ర డాక్టర్లం మేమంతా. ఇప్పుడా వరండా లేదు, ఆయనా లేరు.

ఒకరోజు మాలో ఇందుమతి అడిగింది. దేశదేశాల డాక్టర్ల సభకు వెళ్ళొచ్చిన వేడిమీద ఉంది. "మేష్టారూ, మార్ఫిన్ కొత్త మందు కాదు, ఖరీదైనదీ కాదు. గసగసాల మొక్క మన దేశంలోనే పండుతుంది. అయినా లోకంలో ఇంతమంది క్యాన్సరు రోగులు బాధకు మెలికలు తిరుగుతూ ఎందుకు పోతున్నారండీ?"

మేష్టారు కళ్ళజోడు తీశారు.

"నేను మొదట చేరిన ఆస్పత్రిలో ఆ మందుకొక ఇనప బీరువా ఉండేదమ్మా. నల్లమందులోంచి తీసిన సరుకు కదా, అందరికీ హడలు. ఒక తాళం సరిపోయేది. భయంకొద్దీ రెండోది మేమే వేసుకున్నాం. ఒక చెవి సుందరమ్మ సిస్టర్ దగ్గర, రెండోది స్టోరు గుమాస్తా సన్నిబాబు దగ్గర. నిప్పులాంటి మనిషి. ఎక్కడ పోతుందోనని చెవిని మొలతాడుకి కట్టుకునే స్నానం చేసేవాడు."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ వార్డులోకి పైడితల్లి అనే ముసలమ్మ వచ్చిందట. అడ్డచుట్ట అలవాటు. నిప్పుకొస నోట్లో పెట్టి కాల్చీ కాల్చీ అంగుడంతా క్యాన్సరు పుండు పడింది. ఆ మధ్యాహ్నం సలుపు భరించరానంతయింది. పదిమందిలో అరవడం నామోషీ అనుకుందో ఏమో, చీర చెంగు పళ్ళమధ్య కుక్కుకుంది. మార్ఫిన్ వెయ్యమని మేష్టారు రాశారు. సిస్టర్ తన తాళం తీసింది. రెండోది తీసేవాళ్ళు లేరు. సన్నిబాబు మరదలి పెళ్ళికని సాలూరు వెళ్ళాడు, మొలతాడుతో సహా. మనిషిని పంపినా తిరిగొచ్చేసరికి తెల్లారుతుంది.

కొడుకు అప్పలసూరి మంచంకోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మందు నేదేటి బాబూ?" అన్నాడు.

"ఉంది" అన్నారు మేష్టారు.

"ఉంటే మరెయ్యరేటి?"

మేష్టారు ఇక్కడ ఆగి ఇందుమతి వైపు చూశారు. "నువ్వడిగిందీ, వాడడిగిందీ ఒకటే ప్రశ్న తల్లీ."

వంటగదిలోంచి రోకలిబండ తెప్పించారట. సిస్టర్‌ బీరువాకి అడ్డం వచ్చింది. "పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను డాక్టర్ గారూ?" అంటే, "నన్ను చూపించండి" అని దెబ్బమీద దెబ్బ వేశారు. తాళం ఊడి కింద పడింది.

బుగ్గ సందులోంచి మందు చెంచాతో పోశాక, కాసేపటికి ముసలమ్మ పళ్ళు సడలి చెంగు జారింది. ఇక నిద్రపోతుందనుకున్నారు. ఆవిడ మెల్లగా కొడుకు వంక తలతిప్పి, "కూకోరా నాయినా, పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు" అంది. అంతసేపూ ఏడవని మనిషి ఆ మాటకి నేలమీద కూలబడి బావురుమన్నాడు.

ఇందుమతే మళ్ళీ అడిగింది. "తర్వాత ఆ తాళం సంగతి ఏమయింది మేష్టారూ?"

"ఏముంది, ఇంకా పెద్దది కొన్నారు." చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, లేవబోతూ అన్నారు. "నా సర్వీసంతట్లో ఆ బీరువా దగ్గరికి దొంగ ఒక్కడూ రాలేదమ్మా. వచ్చినవాళ్ళంతా నొప్పితోనే వచ్చారు."