కంబళి కప్పిన గాలిమర

ఈరన్నకు గాలంటే భయం పట్టుకుంది. గాలితో దీపం వెలిగిస్తానని ఊరికి మాట ఇచ్చిన మనిషికి అలాంటి భయం రాకూడదు. అయినా వచ్చింది. అందుకే ఒకరోజు పొద్దున్నే గొర్రెలను భార్యకు అప్పజెప్పి, కొండ దిగి, గురువు హుసేనయ్య తాత దగ్గరికి వచ్చాడు.

తాత కొండ కింద పాత దర్గా పక్కన రాతి కొట్టంలో ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో హిందువులూ ముస్లిములూ ఆయన్ని తాతా అనే పిలిచేవారు. ఉపదేశం కోసం వచ్చినవాళ్ళ చేతికి ఆయన ఏదో ఒక పని అందించేవాడు. కొందరు ఆ పని పూర్తి చేసి, ఉపదేశం సంగతి మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయేవారు. తాతకు వాళ్ళంటేనే ఎక్కువ ఇష్టమని చెప్పుకునేవారు.

ఈరన్న వచ్చేసరికి తాత అరుగు మీద కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతున్నాడు.

"తాతా, భయం పోయే మాట ఏదైనా చెప్పు," అన్నాడు ఈరన్న.

"దేనికి భయం?"

"గాలికి."

తాత చేటను ఒకసారి ఎగరేశాడు. పొట్టు లేచి ఈరన్న గడ్డం మీద పడింది.

"ఇంత గాలికా?"

ఈరన్నకు నవ్వు రాలేదు. గడ్డం తుడుచుకుని తన బాధంతా చెప్పుకొచ్చాడు.

అతని ఊరు గాలిమెట్ట. కొండ పైన గొర్రెల కాపరుల ఇళ్ళు కొన్ని. అక్కడికి కరెంటు తీగ ఎప్పుడూ రాలేదు. సెల్లు ఛార్జింగు పెట్టాలన్నా కొండ దిగి రోడ్డు మీది టీకొట్టుకు రావలసిందే. కిందికి దిగి వస్తే రోడ్డు పక్కన ఇళ్ళ స్థలాలు ఇస్తామని అధికారులు చెప్పి వెళ్ళారు. సగం మంది మూటలు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మిగిలిన సగానికి గొర్రెల మేత, పెద్దల సమాధులు, ఇన్నాళ్ళ కొండ వదిలి పోవడానికి మనసు రావడం లేదు.

అప్పుడు ఈరన్న ఊరి పంచాయితీలో లేచి నిలబడ్డాడు. టౌనులో గాలిమర చేసే పని నేర్చుకుని వచ్చినవాడు అతనొక్కడే. ఆషాఢం దాకా ఆగండి, అన్నాడు. గాలి మాసం అది. ఆ నెల వెళ్ళేలోగా నా ఇంట్లో రాత్రి పొడుగునా దీపం నిలబడకపోతే, అందరికంటే ముందు నేనే మూట నెత్తిన పెట్టుకుని దిగుతాను. నిలబడితే ఇంటింటికీ ఒక గాలిమర నేనే చేసి పెడతాను. ఎవరూ దిగనక్కర లేదు.

ఊరు ఒప్పుకుంది. ఈరన్న టేకు చెక్కను తనే చెక్కి మూడు రెక్కలు చేశాడు. రాగి తీగ తనే చుట్టాడు. ఇంటి ముందు పొడుగాటి ఇనుప పైపు నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, దాని కొసన గాలిమర పెట్టి, ఇంట్లో దానికి బ్యాటరీ, బల్బు కలిపాడు. పైపు అడుగున మడతబందు ఉంది. కావాలంటే తాడు వదులుతూ పైపు మొత్తాన్ని మెల్లగా నేల మీదికి దించవచ్చు, మళ్ళీ లేపవచ్చు.

మొదట్లో చిన్న గాలులకు బల్బు కాసేపు వెలిగేది. తరువాత ఒక మధ్యాహ్నం అసలు గాలి వచ్చింది.

గాలిమర వెనక రేకుతో చేసిన తోక ఉంటుంది. రెక్కలను గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టేది అదే. ఆరోజు పెద్ద గాలి కొట్టగానే ఆ తోక పక్కకు మడుచుకుంది. రెక్కల చక్రం మొహం తిప్పేసుకుంది. తోక దగ్గరి బందు విరిగిపోతున్నదని ఈరన్న అనుకున్నాడు.

"టౌనులో పని నేర్పిన పంతులు ముందే చెప్పినాడు తాతా. తోక సంగతి తోకే చూసుకుంటాది, నువ్వు దాని జోలికి పోవద్దని. చెప్పింది గుర్తుంది. కానీ కళ్ళ ముందర అట్లా వంగిపోతా ఉంటే ఎట్లా చూస్తా కూర్చునేది?"

మర్నాడు పైపు దించి, తోక మళ్ళీ మడుచుకోకుండా ఉక్కు తీగతో బిగించి కట్టాడు. అప్పటినుంచి కొత్త కష్టం మొదలైంది. గాలి పెరిగితే చక్రం పిచ్చిపట్టినట్టు తిరిగేది. బొంగురుగా అరిచేది. పైపు వణికేది. ఆ వణుకు ఇంటి గోడల్లోకి, మంచం కోళ్ళలోకి, ఈరన్న పళ్ళలోకి వచ్చేది. ఇక అతను గాలి కోసం కాచుకోవడం మానేసి, గాలి వస్తుందేమోనని కాచుకోవడం మొదలుపెట్టాడు. పడమట మబ్బు కనబడగానే పైపు దించేవాడు. రెక్కలకు దెబ్బ తగలకుండా కంబళి కప్పేవాడు.

ఆషాఢం సగం దాటింది. గాలికి కొండ మీద తుమ్మచెట్లు నేలకు వంగుతున్నాయి. గాలిమర కంబళి కింద పడుకుని ఉంది. దీపం ఒక్క రాత్రి కూడా నిలబడలేదు.

ఊరి పెద్ద హనుమంతు నిన్న సాయంత్రం ఇంటి ముందు నిలబడి అడిగాడట. "గాలి రాకుంటే అది తిరగదు. గాలొస్తే నువ్వు తిరగనీవు. ఇంకెప్పుడు తిరుగుతాదప్పా అది?"

ఇంట్లో భార్య సుంకులమ్మ ఇంకో మాట అన్నదట. "పిల్లోళ్ళ చెవుల్లో దూది పెట్టినాడు. మరకు కంబళి కప్పినాడు. నన్నొక్కదాన్నే గాలికి వదిలేసినాడు."

చెప్పడం అయిపోయాక ఈరన్న తల వంచుకున్నాడు. "విరిగితే మళ్ళా చేయడానికి నా దగ్గర చెక్క లేదు, రాగి లేదు. విరగకుండా చూసుకుంటా ఉండా. అంతే తాతా. అది తప్పా?"

తాత కొర్రలు కుండలో పోసి, ఖాళీ చేటను ఈరన్న చేతికి ఇచ్చాడు.

"సుంకులమ్మ చేట అడిగింది. మీ ఇంటికి పోదాం పద. చంకలో పెట్టుకోకు. రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని నడువు."

ఇద్దరూ కొండ ఎక్కారు. తాత వెనక, ఈరన్న ముందు. సగం దారి దాకా కొండ చాటు ఉంది కాబట్టి చేట బరువే తెలియలేదు. రెండు గుట్టల మధ్య సందు దగ్గరికి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా ఎదురు తగిలింది. చేట వచ్చి ఈరన్న రొమ్ముకు కొట్టుకుంది. అతను వెనక్కి తూలి, కాళ్ళు ఊని నిలబడ్డాడు.

"గట్టిగా పట్టుకో నాయనా," అన్నాడు తాత వెనకనుంచి.

ఈరన్న గట్టిగా పట్టుకున్నాడు. గాలి ఇంకా పెరిగింది. వెదురు చేట కిర్రుమంది. అతని మోచేతులు వణికాయి. ఒక అడుగు వేస్తే గాలి రెండు అడుగులు వెనక్కి నెట్టింది.

"ఇంకా గట్టిగా."

ఈరన్న పళ్ళు బిగించాడు. అంచున ఒక వెదురు బద్ద టప్పున తెగింది. అతని కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. గాలికో, సిగ్గుకో చెప్పలేం.

"చేట విరగకూడదు సుమా," అన్నాడు తాత. "సుంకులమ్మతో మాట పడలేను."

గట్టిగా పట్టుకోవాలి. విరగకూడదు. రెండూ ఎట్లా కుదురుతాయో ఈరన్నకు అర్థం కాలేదు. మరో పెద్ద గాలి వచ్చింది. ఇక మణికట్లలో బలం చాలలేదు. చేట అతని చేతుల్లోనే పక్కకు తిరిగింది. అంచు గాలికి ఎదురైంది. అంతే, బరువు పోయింది. గాలి చేటకు అటూ ఇటూ జారి తన దారిన తాను పోయింది. ఈరన్న నిటారుగా నిలబడి ఉన్నాడు. చేట చేతుల్లోనే ఉంది.

గాలి తగ్గగానే మణికట్లు సర్దుకున్నాయి. చేట మళ్ళీ ఎదురుకు వచ్చింది.

"ఎవరు తిప్పారు?" అని అడిగాడు తాత.

"నేను తిప్పలేదు తాతా. దానంతట అదే..."

ఈరన్న చేటను తనే ఇంకోసారి పక్కకు తిప్పి చూశాడు. తాత వచ్చి దాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని, ఎండ తగలకుండా తన నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు.

ఇల్లు చేరగానే ఈరన్న కటింగ్ ప్లయరు వెతికాడు. కంబళి తీసి, తోకకు బిగించిన ఉక్కు తీగను తెంపాడు. బందులో ఇరుక్కున్న దుమ్ము తుడిచి, నూనె వేసి, తోకను చేత్తో పక్కకు వంచి వదిలాడు. అది తన బరువుకు తానే మెల్లగా వచ్చి మొదటి చోట నిలబడింది. మళ్ళీ వంచాడు. మళ్ళీ వచ్చింది. గొర్రెలను దొడ్డికి తోలి వచ్చిన సుంకులమ్మ గుమ్మంలోంచి చూస్తూ, తెగిన బద్ద సంగతి తాతను నిలదీస్తున్నది. ఈరన్నకు ఆ మాటలేవీ వినబడలేదు.

గాలిలో పైపు లేపడం ప్రమాదం. ఆ విషయంలో ఈరన్న భయం సరైనదే. కాబట్టి ఆగారు. మర్నాడు తెల్లవారుజామున గాలి పడిపోయిన వేళ, ఇరుగుపొరుగును పిలిచి, తాడు పట్టి పైపు లేపారు. నాలుగు తీగలూ ఈరన్న ఒకటికి రెండుసార్లు బిగించి చూశాడు. ఎవరూ వేళాకోళం చేయలేదు.

మధ్యాహ్నానికి పడమట దుమ్ము లేచింది. ఈరన్న చేతులు వాటంతట అవే పైపు దించే తాడు కట్టిన రాయి వైపు పోయాయి. అక్కడ ఆ రాయి మీదే తాత కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

"ఉల్లిగడ్డ ఉందా?" అని అడిగాడు.

ఈరన్న లోపలికి పరుగెత్తి ఉల్లిగడ్డ తెచ్చాడు.

"చెనిక్కాయల కారం?"

మళ్ళీ పరుగెత్తాడు. కారం తెచ్చేసరికి చెంబులో నీళ్ళు అయిపోయాయి. నీళ్ళు తెచ్చేసరికి గాలి వచ్చేసింది.

తుమ్మచెట్లు వంగాయి. ఇంటి మీది రేకులు దడదడలాడాయి. ఇళ్ళల్లోంచి జనం బయటికి వచ్చారు. హనుమంతు తలగుడ్డ ఒక చేత్తో పట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. అందరి కళ్ళూ పైపు కొసన ఉన్నాయి. ఈరన్న చెంబు పట్టుకుని ఉన్నచోటే ఉండిపోయాడు.

రెక్కలు కనబడనంత జోరుగా తిరిగాయి. ఈల లాంటి చప్పుడు లేచింది. ఇక అరుస్తుందని ఈరన్న భుజాలు బిగించుకున్నాడు. అప్పుడు తోక కదిలింది. పక్కకు లేచి మడుచుకుంది. రెక్కల చక్రం నింపాదిగా మొహం తిప్పుకుంది. జోరు తగ్గింది. ఈల సన్నగిల్లింది. పైపు వణకలేదు. గాలి తన కోపం చూపించి వెళ్ళింది. వెంటనే తోక కిందికి వాలింది. చక్రం మళ్ళీ గాలికి ఎదురు తిరిగింది.

ఇంకో గాలి వచ్చింది. అంతకంటే పెద్దది. మళ్ళీ మడుచుకుంది, మళ్ళీ విప్పుకుంది. మూడో దానికి ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ముసుగు వేసుకుని తీసే పెళ్ళికూతురిలా ఉందన్నారు. ఈరన్న భుజాలు మెల్లగా దిగాయి. చెంబులో నీళ్ళు తనే తాగేశాడు.

ఆ గాలి ఆ సాయంత్రం ఆగలేదు. పొద్దు గుంకేవేళకు బ్యాటరీ నిండిపోయింది. సుంకులమ్మ లోపలికి వెళ్ళి స్విచ్చి వేసింది. బయట చెట్లు ఊగిపోతుంటే గుమ్మంలోంచి వెలుతురు వచ్చి ముంగిట్లో చదరంగా పరుచుకుంది. అది కదలలేదు. ఈరన్న పిల్లలు చెవుల్లోంచి దూది తీసి పారేసి ఆ వెలుతురులో గంతులు వేశారు.

మర్నాడు తెల్లవారేదాకా ఆ దీపం వెలుగుతూనే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఆషాఢం చివరి వారమంతా కొండ కింది దారిన పోయేవాళ్ళు తలెత్తి చూసి, గాలిమెట్ట మీద చుక్క పొడిచిందని చెప్పుకున్నారు. ఈరన్న ఇంటి అరుగు మీద సెల్లుఫోన్లు వరుస కట్టాయి.

పంచాయితీ రోజున హనుమంతు లేచాడు. కొండ దిగడం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఈరన్న వైపు తిరిగి, "మా ఇంటికి ఎంత పొడుగు పైపు కావాలప్పా?" అని అడిగాడు. అతని వెనకనే మా ఇంటికో, మా ఇంటికో అని గోల లేచింది. ఎవరో డప్పు తెచ్చారు. ఈరన్నను భుజాల మీదికి ఎత్తుకుని ఊరంతా తిప్పారు.

కిందికి దించాక ఈరన్న నేరుగా, పంచాయితీకి వచ్చి కూర్చున్న తాత దగ్గరికి వెళ్ళి కాళ్ళకు మొక్కాడు. ఒళ్ళంతా చెమట. కళ్ళలో మెరుపు. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. అతను ఏ విషయమైనా సగంలో వదిలేసే మనిషి కాదు.

"తాతా, ఒక్క మాట చెప్పు. అంత గాలికి ఆ మర ఎదురు నిలబడినట్టా, పక్కకు తప్పుకున్నట్టా?"

హుసేనయ్య తాత చేతికర్ర తీసుకుని లేచాడు.

"నన్నడుగుతావేం?" అన్నాడు. "దీపాన్ని అడుగు."