చెలమ దగ్గర నక్క పెట్టిన నియమం

ఆ ఏడు ఎండలకు వాగంతా ఇసుకే అయింది. మధ్యలో ఒక్క చెలమ మిగిలింది. నీళ్లు తాగినవాళ్లు అడుగున చేరిన ఇసుక తోడి మరీ వెళ్లాలి. తోడితేనే ఊట వస్తుంది, వెనకవాళ్లకు గుక్కెడు దొరుకుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, అందరూ చేస్తున్నారు.

నక్కకు మాత్రం ఒళ్లు వంగలేదు. మూడు రోజులుగా తాగడం, మూతి తుడుచుకుని పోవడం. దాని వెనక వంతు కుందేలుది. వారం కిందటే పిల్లల్ని పెట్టింది. కాలికి ముల్లు దిగి వాచింది, తనకు తాను తోడుకోలేదు. పాలు ఎండిపోయి పిల్లలు సోలిపోతుంటే ఏడుస్తూ, అడవిలో తగవులు తీర్చే ముసలి తాబేలు దగ్గరికి వెళ్లింది.

తాబేలు పిలిపించి అడిగితే నక్క తడుముకోలేదు. ఈ పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడిందా, తాతల నాటి అలవాటేగా అంది.

"తప్పూ ఒప్పూ మనం అనుకోవడంలోనే ఉన్నాయి తాతా. నేను తప్పనుకోవడం లేదు. ఇక తప్పెక్కడిది?"

 

"సగం నిజమే చెప్పావు," అంది తాబేలు. "నియమాలు మనం పెట్టుకున్నవే. అయితే కొత్తది నువ్వే పెట్టు, అందరం పాటిస్తాం. కాకపోతే పాత వరస ఉండదు. తలా ఒక ఆకు గుర్తు పెట్టి తెచ్చి కుప్ప పోద్దాం. నువ్వు నియమం చెప్పాక కాకి కళ్లు మూసుకుని ఒక్కో ఆకూ తీస్తుంది. ఆకు వచ్చిన వరసే వంతుల వరస."

ఎవరూ తోడక్కర్లేదని చెప్పబోయి నక్క ఆగింది. తన ఆకు చివర వస్తే గొంతు ఎండాల్సిందే. పోనీ, తోడలేనివాళ్ల ఖర్మ అందామంటే ఇంట్లో పెళ్లాం నిండు చూలాలు, వంగి తోడలేదు. సాయంత్రం దాకా బుర్ర గోక్కుని చివరికి చెప్పింది.

"తాగిన ప్రతివాళ్లూ తోడాలి. చేతకానివాళ్ల వంతు వాళ్ల ముందున్నవాళ్లు తోడిపెట్టాలి."

కాకి తీసిన మొదటి ఆకు నక్కది. రెండోది కుందేలుది.

నక్క ముఖం మాడిపోయింది. ఎవరిని తిట్టుకోవాలి? నియమం తనదే. మర్నాడు తన వంతు తోడి, కుందేలు కడుపారా తాగేదాకా ఆగి, దాని వంతూ తోడింది. పిల్లల ఆకలి తీరుతుందన్న సంతోషంలో కుందేలు, "చల్లగా ఉండు అన్నా," అంది. నక్క ఎవరూ అడక్కుండానే ఇంకో దోసెడు ఇసుక తీసింది.

తన వంతు ఎక్కడ పడుతుందో తెలియనప్పుడు ఏది సబబు అనిపిస్తుందో, అదే అందరికీ న్యాయం.