నేల మీద కూర్చోరాదు

"ఆకులెయ్యండర్రోయ్! డాక్టరుగారోళ్ళు రేవు దాటేరు!"

వీధి చివరి నుంచి వచ్చిన ఆ కేకకి డాక్టర్ హైమ ఉలిక్కిపడింది. గోదావరి పాయ మధ్యనున్న ఆ లంకలో అడుగుపెట్టి నాలుగు నిమిషాలు కాలేదు, అప్పుడే ఊరంతా తెలిసిపోయింది. పక్కన నడుస్తున్న జగ్గారావుగారు మాత్రం చెప్పుల్లోని ఇసుక దులుపుకుంటూ, "మన గురించేనమ్మా. పద, ఆకలేస్తోంది" అన్నారు.

జగ్గారావుగారు పెద్దాసుపత్రిలో ఎముకల వార్డుకి పెద్ద డాక్టరు. హైమ ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. ఆయనకొక అలవాటుంది, ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. పిండికట్టు కింద అంత దురద ఎందుకండీ అని ఒక కుర్ర డాక్టరు నవ్వుతూ అడిగిన పాపానికి, వారం రోజులు అతగాడి చేతికే కట్టు కట్టించి డ్యూటీ చేయించిన మనిషి ఆయన. అది తెలిసి కూడా హైమ మొన్న గురువారం ఉండబట్టలేక అడిగేసింది.

అడిగింది దొరబాబు సంగతి. దొరబాబు కొబ్బరి దింపు పనివాడు. పది నెలల కిందట చెట్టు మీంచి జారి పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆసుపత్రికి తెచ్చేసరికి గాయం నిండా మట్టీ, కొబ్బరి పీచూ. మొదటిసారి ఆ గాయం కడిగి శుభ్రం చేసి, కాలికి పైనుంచి ఊచలు బిగించారు. రెండోసారి లోపల ప్లేటు వేశారు. మూడోసారి పిక్క కండ తిప్పి ఎముకని కప్పి, తొడ మీది చర్మం తెచ్చి దాని మీద అతికించారు. ఆ మూడింట్లోనూ హైమ చెయ్యి ఉంది. ఆ కాలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని మొదట్లో రెండు రోజులు అన్నం సయించలేదు ఆవిడకి. అలాంటిది ఇప్పుడు ఎక్స్‌రే చూస్తే ఎముక ముచ్చటగా అతుక్కుపోయింది. బల్ల మీద పడుకోబెడితే మోకాలు బాగానే వంగుతోంది. అయినా ఆ మనిషి నెలనెలా కర్ర పట్టుకుని రావడం, "ఇంకా అతకలేదండి, అమ్మగారూ" అనడం!

"సార్, అతికిందని ఎక్స్‌రే చెబుతోంది, అతకలేదని ఆయన చెబుతున్నాడు. ఎవరి మాట రాయమంటారు?" అని అడిగింది హైమ. ఏ వికలాంగుల సర్టిఫికెట్టు కోసమో ఆడుతున్నాడేమో అన్న అనుమానం కూడా ఉంది గొంతులో.

జగ్గారావుగారు కళ్ళజోడు తుడుచుకుని, "ఆదివారం ఖాళీయేనా? దొరబాబు వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో భోజనానికి పిలుస్తున్నారు" అన్నారు. అంతే.

ఇంటి ముందు తాటాకు పందిరి. పందిరి కింద అలికిన నేల మీద బంతికి చాపలు పరిచి ఉన్నాయి. అటు పక్కగా ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో దొరబాబు కొత్త చొక్కా వేసుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నగారు ఏడుకొండలు, భుజాన తువ్వాలుతో ఇంత మనిషి, ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు.

"మీరిద్దరూ బల్ల దగ్గర కూర్చోండి డాక్టరుగారూ. మా వోడూ అక్కడే. మేవంతా కింద."

"మీ తమ్ముడు మీతో కూర్చోడా?" అంది హైమ.

"అమ్మో! నేల మీద కూర్చున్నావంటే కాలిరగ్గొడతానని చెప్పేనండి ఆడికి!"

పందిరంతా గొల్లుమంది. హైమకీ నవ్వొచ్చింది. కానీ దొరబాబు నవ్వలేదు. అతని చూపు చాపల వరస మీదే ఉంది. అన్న కూర్చునే చోటుకి ఎడం పక్కన ఒక చాప ఖాళీగా వేసి ఉంది. దాని ముందు ఎవరూ ఆకు వెయ్యడం లేదు.

"అదెవరి చోటండీ?"

దొరబాబు భార్య నూకరత్నం కొంగు సర్దుకుంటూ చెప్పింది. "ఈయనదేనమ్మగారూ. పది నెల్లనించీ అలాగే ఏస్తన్నాం. చిన్నప్పట్నించీ అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే. కొరమేను వండిన రోజున తలకాయ ఎవరికేసినా రెండోవోరు లాక్కోవడవే. కొట్టుకు చచ్చేవోరు. ఇప్పుడు తలకాయ ఈయనకే ముందెట్టేత్తన్నారు, ఒక్కరూ ముట్టుకోరు. ఈయనేమో ఆకులోనే వదిలేత్తన్నాడు."

దొరబాబు మెల్లగా అన్నాడు. "పాతికేళ్ళు చెట్టు మీంచి చూసేనండి మావోళ్ళని. చీమల్లాగుండేవోరు. అయినా దూరవనిపించలేదు. ఈ కుర్చీలోంచి చూత్తంటే అందరి నడినెత్తులే కనబడతన్నాయండి. చుట్టానికెట్టినట్టు నాకు ముందెట్టేత్తారు. నేను చెయ్యి కడుక్కున్నాక వాళ్ళ కబుర్లు మొదలవుతాయి." ఒళ్ళోని కర్ర నిమురుతూ, "చెట్టు సంగతి ఆ దేవుడెరుగు. అది నేనడగడం లేదండి" అన్నాడు.

హైమకి కొంచెం కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "ఇన్నాళ్ళూ కింద కూర్చోవద్దని ఎవరు చెప్పారు మీకు?"

ఏడుకొండలు తెల్లబోయాడు. "అదేంటమ్మగారూ, తవరే కదా!"

వేలు పట్టినంత పని చేసి ఆమెని గుమ్మం లోపలికి తీసుకెళ్ళాడు. గోడ మీద దేవుడి పటాల పక్కన, అన్నం మెతుకులతో అంటించిన కాగితం. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు ఇచ్చే చీటీ. నలిగిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు, కింద పసుపు బొట్టు. మందుల పేర్లన్నీ అయ్యాక చివర్న హైమ రాతలో ఒక్క ముక్క: నేల మీద కూర్చోరాదు.

మూడు నెలలదాకా అన్నది మనసులో ఉంది. ఆ రోజు వార్డులో పదకొండు మంది ఇళ్ళకి వెళ్తున్నారు, అవతల ఆపరేషన్ గదిలోంచి పిలుపు. మనసులో ఉన్నది కాగితం మీదికి రాలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు ఎక్స్‌రే చూసినా, ఇంట్లో ఎక్కడ కూర్చుంటున్నావయ్యా అని ఆవిడ ఒక్కసారీ అడగలేదు.

"రోజూ ఆడ్ని కూకోబెట్టే ముందు ఓసారి సదివించుకుంటానండి మా అమ్మాయి చేత" అన్నాడు ఏడుకొండలు, గర్వంగా.

హైమ వెనక్కి తిరిగి గురువుగారి వైపు చూసింది. ఆయన పందిట్లో నిలబడి, పనిగట్టుకుని కొబ్బరిచెట్ల కేసి చూస్తున్నారు.

ఆవిడ పెన్ను తీసింది. కవరు తప్పించి, తను రాసిన ముక్కని అందరూ చూస్తుండగా అడ్డంగా కొట్టేసింది. ఏడుకొండలు "అయ్యయ్యో" అన్నాడు, పటం మీద గీత గీసినట్టుగా. హైమ బయటికొచ్చి దొరబాబు ముందు నిలబడి చెయ్యి చాచింది.

"తప్పు నాదండీ. మూడు నెలలకే దిగాల్సింది మీరు. రండి."

"ప్లేటు ఇరిగిపోదా అమ్మగారూ?"

"విరగదు. ముందు నా భుజం పట్టుకోండి."

కర్ర పక్కన పెట్టాడు. ఒక చెయ్యి ఆవిడ భుజం మీద, ఇంకోటి అన్న మెడ చుట్టూ. సగం దిగేసరికి ముఖమంతా చెమటలు పట్టేశాయి. నూకరత్నం కళ్ళు మూసుకుంది. మోకాలు నొప్పెట్టింది, బిగిసింది, మొరాయించింది. బాసింపట్టు పడలేదు. మంచి కాలు మడిచి, ఆపరేషన్ కాలు ముందుకి చాపి, ఎట్టకేలకి తన చాప మీద కూలబడ్డాడు దొరబాబు. అరచేత్తో నేలని రెండుసార్లు తడిమాడు.

జగ్గారావుగారు వచ్చి ఆ వరసలోనే ఒక చాప మీద చతికిలబడి, "వడ్డిస్తారా, లేకపోతే రేవుకి పొమ్మంటారా?" అన్నారు. దాంతో ఒక్కసారిగా మిగతా ఆకులూ పడ్డాయి, అన్నం వచ్చింది, పులుసు వచ్చింది. నూకరత్నం అలవాటు ప్రకారం కొరమేను తలకాయ తీసి మొగుడి ఆకులో వేసింది.

ఏడుకొండలు దాని కేసి చూశాడు. తమ్ముడి కేసి చూశాడు. "ఆ కాలేంట్రా, నా ఆకు మీద కొచ్చేత్తంది, తియ్యి" అని కసురుకుంటూ, చటుక్కున తలకాయ లాగేసుకున్నాడు.

"ఒరే అన్నియ్యా! అది నాదిరా!"

ఆ కేక రేవుదాకా వినబడి ఉంటుంది. దొరబాబు సగం లేచాడు, నొప్పెట్టి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. ఆఖరికి ఆవిడ కూడా గరిటె కింద పెట్టి ఆకు ముందు కూర్చుంది. పందిట్లో నిలబడ్డవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు.

జగ్గారావుగారు ముద్ద కలుపుతూ, అన్నదమ్ములిద్దరి కేసీ చూసి, హైమ వైపు వంగారు.

"ఇప్పుడు తియ్యాలమ్మా, ఎక్స్‌రే."