సుంకులమ్మ నడకబండి

ఇంకొకరి బిడ్డ చేతిలోది లాక్కొచ్చి మీ బిడ్డకిచ్చే పెద్దమనుషులారా, సిగ్గుతో తల దించుకుని వినండి.

దొర రాచవీరప్ప మనవడి కోసం వడ్రంగి పది కొత్త నడకబండ్లు చేసి తెచ్చాడు. దొరకు ఒక్కటీ నచ్చలేదు. దివాణంలో గచ్చు కడిగే సుంకులమ్మ ఇంట్లో నున్నటి పాత బండి ఉందని విని, నడక రాని ఆమె బిడ్డ పట్టుకుని నిలబడి ఉండగానే లాగించి తెప్పించాడు.

సుంకులమ్మ వెనకే వచ్చి దివాణం చావడి గుమ్మం దగ్గర నిలబడింది.

"అది తన బిడ్డను వదిలి ఉండదు దొరా. చావడి నడుమ నాకెదురుగా పెట్టి, అందరూ దూరం జరిగి చూడండి."

"నన్నే బెదిరిస్తున్నావా?" అని నవ్వుతూ దొర తానే పెట్టాడు.

బండి కిర్రుమంది. ఎవరూ తాకకుండానే మెల్లగా కదిలి, గచ్చు మీదుగా వచ్చి, సుంకులమ్మ పాదాలకు తగిలి ఆగింది.

కడిగిన నీళ్లు బయటికి పోవాలని ఆ గచ్చును గుమ్మం వైపు వాలుగా వేశారు. రోజూ వంగి కడిగే సుంకులమ్మకు అది తెలుసు. దొర ఆ నేల మీద ఏనాడూ నడుం వంచలేదు.

"ఇప్పుడేం చెయ్యాలి తల్లీ?" అన్నాడు దొర చేతులు జోడించి.

"తెప్పించినవారే మోసుకెళ్లి దింపాలి దొరా."

ఊరంతా చూస్తుండగా దొర బండిని నెత్తిన పెట్టుకుని ఆమె గుడిసె దాకా మోశాడు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ చావడిలో ఒంటరిగా కూర్చోలేకపోయాడు.