ఈదమ్మ పంటిగాటు

అనగా అనగా, అడవికి ఇంకా దారులు పడని కాలం. కొండ మీద ఓ గూడెం. ఆ గూడెంలో ఈదమ్మని ఒకామె ఉండేది.

ఆమెకు ఒకటే అలవాటు. తేనె పిండేశాక మిగిలిన మైనం పారేయదు, నములుతుంది. తేనెటీగలు బండ నెర్రెలకు పూసే నల్లబంక గీకి తెచ్చుకుని చిగుళ్ళకు రుద్దుకుంటుంది. పొద్దున నమిలేది, మధ్యాహ్నం నమిలేది, మాపటికీ నమిలేది.

"ఏం ఈదక్కా, మేకలా ఎంతసేపు నములుతావే?" అని అందరూ వెక్కిరించేవాళ్ళు.

"నమలనీయండ్రా! పళ్ళు నావి, మీకేం నొప్పి?" అనేది.

ఓ ఏడు ఆమె తమ్ముడు మంతన్నకు నోరు పూసింది. చిగుళ్ళు వాచి చీము పట్టాయి. గంజి చుక్క కూడా మింగలేడు, చిక్కి శల్యమైపోయాడు. ఈదమ్మ దగ్గరున్న బంక కాస్తా అయిపోయింది. ఇంక ఉన్నదల్లా కొండచరియ కింద, తేనెటీగల నెర్రెలోనే.

దిగి తెచ్చేవాడు ఈదమ్మ మొగుడు లింగన్న. కానీ చరియ దిగేవాడి మోకు పైన బావమరిదే పట్టుకోవాలి. తోబుట్టువు పసుపుకుంకుమల కోసమైనా వాడు వదలడని తేనె తీసేవాళ్ళ కట్టుబాటు. ఆ బావమరిదేమో చాప మీద పడి ఉన్నాడు, అయ్యో!

"ఇంకొకడు పట్టుకుంటే నేను దిగనే," అన్నాడు లింగన్న.

"తమ్ముడు పట్టుకునేది ఎవరి కోసం? నా కోసమే కదా! మరి నేనే పట్టుకుంటా. నాకంటే గట్టిగా నిన్నెవరు పట్టుకుంటారయ్యా?"

లింగన్న చరియ అంచుకు నడిచాడు. నడుముకు మోకు కట్టుకుని దిగాడు.

బంక గీకి పైకొస్తుంటే ఈగలు లేచాయి. ఈదమ్మ చేతుల్ని కుట్టాయి, వదల్లేదు. మొహాన్ని కుట్టాయి, వదల్లేదు. అరచేతులు చీరుకుపోయి, నెత్తురుకు మోకు జారింది. అప్పుడు, అమ్మ తల్లీ, ఆ మోకును పళ్ళతో కరిచి పట్టింది! నిలువెత్తు మగాడు ఆమె పళ్ళ మీద వేలాడాడు. చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది.

"వదలవే, వచ్చేశా," అన్నాడు లింగన్న మోకు పట్టి ఎగబాకి పైకొచ్చి. వదల్లేదు. మళ్ళీ అన్నాడు. వదల్లేదు. మూడోసారి చెంప నిమిరితే గాని ఆ దవడ విడలేదు. మోకు మీద పళ్ళ గాట్లు అచ్చుపడ్డాయి. ఒక్క పన్నూ కదల్లేదు!

బంకను తేనెలో రంగరించి మంతన్న నోటికి రాశారు. మూడో పొద్దుకి గంజి తాగాడు. "అక్కా, నా పని నువ్వు చేశావే," అని ఏడ్చాడు.

ఈదమ్మ పండు ముసలిదై పోయింది. పోయిననాడు కూడా నోట్లో పళ్ళన్నీ ఉన్నాయట. ఇప్పటికీ ఆ కొండల్లో పంటిపోటొస్తే "ఈదమ్మా" అని మైనం నములుతారు. మోకు ఇప్పటికీ బావమరిదే పట్టుకుంటాడు. కానీ ముందుగా దిగేవాడి పెళ్ళాం దాన్ని ఓసారి కొరికి ఇవ్వాలి. ఆ గాటు వేలితో తడిమి చూసుకున్నాకే మగడు చరియ దిగుతాడు.