గుడ్డబొమ్మలో గుడ్డబొమ్మ

అనగనగా, సముద్రం హోరు వినబడే ఒక ఊళ్ళో పైడమ్మ అని బట్టలు కుట్టే ముసలమ్మ ఉండేదిరా కన్నా. ఆవిడకి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ నూకరత్నం జ్వరమొచ్చి చచ్చిపోయింది. ఆమె కూతురు బంగారి, నీ అంత పిల్ల, అమ్మమ్మ దగ్గర మిగిలింది.

పెద్దకర్మ రోజున నూకరత్నం బట్టలన్నీ మూటకట్టి సముద్రంలో వదిలేశారు. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదంటారు మరి. బంగారేమో అమ్మ కొంగు పట్టుకుంటేగాని పడుకోని పిల్ల. ఇక దానికి తిండీ లేదు, నిద్రా లేదు, మాటా లేదు. పైడమ్మకి కూతురు పోయిన కడుపుకోత ఒకటి, ఈ పిల్లయినా దక్కుతుందో లేదోనన్న బెంగ ఒకటి.

ఆ తర్వాత ఒకనాడు పైడమ్మ పరదాలు ఇచ్చిరావడానికి బంగారిని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ కాలనీకి వెళ్ళింది. అక్కడ రష్యా నుంచి వచ్చిన ఇంజనీరుగారింట్లో ఒక చెక్కబొమ్మ ఉంది. నడుము దగ్గర తిప్పితే ఊడొస్తుంది. లోపల ఇంకో బొమ్మ, దాని లోపల మరో బొమ్మ!

"అమ్మమ్మా, నాకూ అలాటిది కుట్టవే" అంది బంగారి. చెక్కబొమ్మని కుట్టడమేమిటని పైడమ్మ నవ్వలేదు. పిల్ల నోరు తెరిచింది, అదే పదివేలు అనుకుంది.

అప్పుడు ఇంటికొచ్చి ఒక పెద్దబొమ్మ కుట్టింది. అలవాటైన చెయ్యి కదా, దిండులో కూరినట్టు దూది కూరేసింది. ఇంక లోపల బొమ్మకి చోటేదీ? బంగారి చూసి పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత పైడమ్మ అదంతా విప్పేసింది. బొంతకి వేసినట్టు గుడ్డ మీద గుడ్డ వేసి, లోపల ఖాళీ ఉంచి, లంగాకి ఎక్కించినట్టు నడుముకి బొందు ఎక్కించింది. అది అమ్మమ్మబొమ్మ. అందులో పట్టేటట్టు కొత్తగుడ్డతో అమ్మబొమ్మ, దానిలోకి చిట్టి పిల్లబొమ్మ. బంగారి అమ్మబొమ్మని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "ఇది అమ్మ కాదు" అని గోడవైపు తిరిగిపోయింది.

ఊ కొడుతున్నావా? ఊ కొట్టకపోతే పైడమ్మ సూది ఆగిపోతుంది. ఆఁ, అదీ!

అప్పుడు పైడమ్మ పీలికల మూట విప్పింది. కుట్టేవాళ్ళు ఏ ముక్కా పారెయ్యరు. అడుగున నూకరత్నం జాకెట్టు కత్తిరించగా మిగిలిన ముక్క దొరికింది, అరచేయంత.

"దీంతో అమ్మబొమ్మ అవ్వదు తల్లీ. అన్నిటికన్నా చిన్నబొమ్మ ఒకటే అవుద్ది."

"అదే అమ్మ. పిల్లబొమ్మ లోపల పెట్టు."

"అదేటే! బిడ్డ కడుపులో తల్లి ఉంటాదేటే ఎక్కడైనా?"

"మరైతే అమ్మ ఎక్కడున్నాది?"

ఇన్నాళ్ళూ పైడమ్మ పిల్ల ముందు ఏడవకూడదని గుండె రాయి చేసుకుందా, ఇప్పుడింక ఆగలేదు. ఏడుస్తూనే సూదిలో దారం ఎక్కించింది. చిటికెనవేలంత అమ్మని కుట్టింది. పిల్లబొమ్మని మళ్ళీ పెద్దదిగా, లోపల ఖాళీ ఉంచి కుట్టి, అమ్మని అందులో పెట్టింది. కొత్తగుడ్డ అమ్మబొమ్మని పక్కన పెట్టేసి, ఆ పిల్లబొమ్మని అమ్మమ్మబొమ్మలో పెట్టి, బొందు లాగి ముడి వెయ్యబోయింది.

బంగారి చప్పున చెయ్యి పట్టుకుంది. "గట్టిగా కట్టకే అమ్మమ్మా. అమ్మకి ఊపిరాడద్దా?"

పైడమ్మ వదులుగా ముడి వేసింది. బంగారి బొమ్మని పొట్టకి హత్తుకుని, అమ్మమ్మ పక్కలో ముడుచుకుని, ఆ పూట నిద్రపోయింది.

కథ నడిచె కంచికి,
కునుకు వాలె కంటికి,
దుప్పటి కప్పుకుని బజ్జోడానికి
మనమిద్దరం మంచానికి!