దీపాల వేళ ఉప్పిచ్చిన పొరుగువాడు

ఆ ఏడు శ్రావణంలోనే ఎర్రగుట్ట కింద కుందేళ్ళ బొరియల్లోకి వాననీళ్ళు వచ్చేశాయి. అందరూ తలో దిక్కుకు పోయి ఇళ్ళు చూసుకున్నారు. చెంగమ్మకు మాత్రం తీరిగ్గా వెతుక్కునే వ్యవధి లేదు. ఆమెకు పురిటి రోజులు దగ్గరపడ్డాయి. కుందేళ్ళకు మనలాగా తొమ్మిది నెలలు కాదు, మొత్తం కలిపి ఒక్క నెలే. అందులో ఇరవై రోజులు అప్పుడే అయిపోయాయి. మిగిలిన పది రోజుల్లో పొడినేల చూసుకుని, మెత్తగా పక్క అమర్చుకుని, పిల్లల్ని కనాలి.

ఆమె మొగుడు దూదయ్య మంచివాడు. ఎవరు నవ్వుతూ మాట్లాడినా వాళ్ళు మనవాళ్ళే అనుకుంటాడు. ఒకనాడు పొద్దున్నే ఇళ్ళ బ్రోకరును వెంటబెట్టుకుని వచ్చాడు. చూస్తే గుంటనక్క పాపన్న!

చెంగమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకు చెల్లెమ్మా," అన్నాడు పాపన్న, మెడలో తులసిపూసలు సవరించుకుంటూ. "మాంసం మానేసి రెండేళ్ళయింది. డాక్టరు జామకాయలే తినమన్నాడు. ఏదో నలుగురికీ నీడ చూపించి ఆ పుణ్యంతో బతుకుతున్నాను."

"విన్నావా?" అన్నాడు దూదయ్య. "జామకాయలట!"

ఇల్లు గుట్టకు అవతల, జీడిమామిడి తోపు వెనక సందులో ఉంది. దూదయ్య లోపలికి దూరి, అటూ ఇటూ గెంతి, మురిసిపోతూ బయటికి వచ్చాడు.

"రెండు గదులు చెంగమ్మా! నేల ఎంత పొడిగా ఉందో! తూర్పు గుమ్మం!"

"వాస్తు చూసే తవ్వించాను బావగారూ," అన్నాడు పాపన్న.

చెంగమ్మ ఇంటి వంక చూడలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. "ఎవరూ కనిపించరేం అన్నయ్యా?"

"అదే ఈ వీధి గొప్పదనం. గోల ఉండదు, తగువులు ఉండవు. ఇన్నేళ్ళలో నా ఇంట్లో అద్దెకున్న వాళ్ళెవరూ తిరిగొచ్చి ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు."

"ఇదివరకు ఎవరున్నారు?"

"గిన్నెకోళ్ళ కుటుంబం. బంగారంలాంటివాళ్ళు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"దూరమేం పోలేదు తల్లీ. దగ్గర్లోనే ఉన్నారు," అని పాపన్న పొట్ట నిమురుకున్నాడు. "అది సరే, మంత్రసాని ఎంతమంది పుడతారంది?"

"నలుగురో, అయిదుగురో."

"అయిదుగురే అనుకుందాం," అన్నాడు పాపన్న, కళ్ళు అరమోడ్చి.

దూదయ్య అప్పటికప్పుడే సరే అనబోయాడు. చెంగమ్మ అతని కాలు తొక్కింది. "పగలు చూశాం కదా. దీపాల వేళ ఇంకొక్కసారి వచ్చి చూసి చెబుతాం అన్నయ్యా."

"ఎందుకమ్మా, అనుమానమా?"

"అనుమానం కాదు. పట్టపగలు ఏ వీధైనా బాగానే ఉంటుంది. మేం ఉండబోయేది మూడు పూటలూ కదా!"

పాపన్న ఒక్క క్షణం తోక ఊపడం మానేశాడు. మళ్ళీ ఊపుతూ, "రండి రండి. ఆ వేళకు పొరుగువాళ్ళు కూడా పనుల మీంచి వచ్చేస్తారు," అన్నాడు.

పొద్దు వాలాక మొగుడూ పెళ్ళాలు మళ్ళీ వెళ్ళారు. పక్కనున్న చెట్టు తొర్ర ముందు మిణుగురుల బుడ్డి వెలుగుతోంది. దాని పక్కన తలకు కండువా చుట్టుకుని ఒక కోతి కూర్చుంది.

"రండమ్మా రండి! నా పేరు గంతన్న. పదేళ్ళుగా ఇక్కడే కాపురం. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. పిల్లలు ఆడుకోవడానికి పోయారు. ఈ వీధంత భద్రమైన వీధి ఇంకోటి లేదు!" అని కోతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"సంతోషం బాబాయ్," అంది చెంగమ్మ. "రాత్రికి కూర వండుకుందామంటే ఉప్పు నిండుకుంది. కాస్త ఇస్తారా?"

"కాస్తేమిటమ్మా!" గంతన్న తొర్రలో చెయ్యి పెట్టి, చేరెడు ఉప్పు తీసి, ఆమె చేతిలోనే పోశాడు. "ఇంకా కావాలా? కుండ మొత్తం తీసుకుపోండి!"

తిరిగి వస్తూ దూదయ్య ఆనందం పట్టలేకపోయాడు. "పొరుగువాడంటే ఇలా ఉండాలి! రేపే దిగిపోదాం."

చెంగమ్మ ఉప్పంతా దారి పక్కన పారబోసింది.

"ఏమయ్యా, మా అమ్మ ఎప్పుడైనా దీపాలు పెట్టాక ఎవరికైనా ఉప్పు ఇచ్చిందా?"

"మీ అమ్మా? నాకే ఇవ్వలేదు! లక్ష్మి బయటికి పోతుందని నాతో చప్పటి కూర తినిపించింది."

"మరి మీ అమ్మ?"

"ఆవిడా ఇవ్వదు. అయినా పొద్దున ఇచ్చినా ఉప్పు చేతిలో పెట్టరు, కింద పెడితే తీసుకోవాలి. లేకపోతే తగువులొస్తాయని..." దూదయ్య ఠక్కున ఆగిపోయాడు.

"చూశావా! నువ్వొక్క ఏడాది కాపురం చేశావు, నీకు తెలుసు. ఆయన పదేళ్ళు చేశాడట, ఆయనకు తెలియదు. నమ్మకం ఉన్నా లేకపోయినా, సంసారం చేసేవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. 'దీపాలు పెట్టాక ఉప్పేమిటే, పొద్దున్నే రా' అని కసిరేవాళ్ళుంటే ఆ వీధిలో కాపురాలున్నట్టు. ఇక్కడ పొరుగే లేదు. ఎవరినో తెచ్చి కూర్చోబెట్టారు."

ఇద్దరూ పొదల చాటుగా వెనక్కి వెళ్ళారు. గంతన్న కండువా విప్పేసి, అరటిపళ్ళు ఒలుచుకుంటున్నాడు. తొర్రలో ఆ ఉప్పుకుండ తప్ప చాపముక్క కూడా లేదు.

"బాబాయ్," అంది చెంగమ్మ, "పిన్ని పుట్టింటి నుంచి ఎప్పుడొస్తుంది?"

గంతన్నకు పొలమారింది. "ఏ పిన్నమ్మా? నేను కొమ్మల మీద బతికేవాణ్ణి. నాకు ఇల్లూ లేదు, ఇల్లాలూ లేదు. పాపన్న అర గెల ఇచ్చి, 'నవ్వుతూ ఉండు, ఏదడిగినా లేదనకు' అన్నాడు. గిన్నెకోళ్ళు వచ్చినప్పుడూ పొరుగు వేషం నాదే."

"ఆ తర్వాత వాళ్ళను చూశావా?"

గంతన్న నములుతున్నవాడల్లా ఆగాడు. "లేదు," అన్నాడు మెల్లిగా. "వెనక గదిలో గోడ ఉండాల్సిన చోట ఎండుటాకులు పేర్చి ఉన్నాయి. వాటి అవతల పాపన్న గుహ. అలా ఎందుకో నేను అడగలేదమ్మా." చేతిలో పండు పక్కన పెట్టేశాడు.

దూదయ్య పెళ్ళాన్ని పక్కకు లాగాడు. "పద, పారిపోదాం!"

"మనం పోతే ఎల్లుండి ఇంకెవరో పిల్లాపాపలతో వస్తారు," అంది చెంగమ్మ. కాసేపు ఆలోచించి, నేరుగా పాపన్న దగ్గరికే వెళ్ళింది.

"ఇల్లు నచ్చింది అన్నయ్యా. పొద్దున్నే దిగుతాం. మాకో ఆనవాయితీ ఉంది. కొత్తింట్లో ముందు ఆవు అడుగు పెట్టాలి."

"పెట్టించు తల్లీ, పెట్టించు!" పాపన్న మనసంతా పుట్టబోయే ఆ అయిదుగురి మీదే ఉంది. ఆవంటే ఎంత ఉంటుందో ఆ క్షణాన అతనికి తట్టలేదు. "పిల్లలు పుట్టబోయే ఇల్లు! శాస్త్రం తప్పకూడదు."

తెల్లారేసరికి అతను వెనక గదిని ఆనుకుని, ఎండుటాకుల అవతల తన గుహలో, నోరు చప్పరిస్తూ కూర్చున్నాడు.

చెంగమ్మ గుట్ట మీద మేస్తున్న బొల్లావును బతిమాలి తీసుకొచ్చింది. దూదయ్య దాని గిట్టలకు పసుపు రాశాడు.

"ఇల్లెక్కడే?" అంది బొల్లావు.

"నీ కాళ్ళ ముందే పెద్దమ్మా."

"ఇందులో నా మూతి కూడా పట్టదు కదే!"

"మూతి వద్దు, అడుగు చాలు. గుమ్మం దాటి, కప్పు మీదుగా కొంచెం ముందుకు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ! గట్టిగా పెట్టు, ఇల్లు పచ్చగా ఉండాలి."

బొల్లావు శాస్త్రోక్తంగా అడుగు పెట్టింది. వెనక గది కప్పూ, దాన్నంటుకున్న గుహ కప్పూ ధభీమని కూలాయి.

"చచ్చాన్రోయ్!" అని నేల లోపలి నుంచి కేక. మట్టిలోంచి రెండు చెవులూ ఒక ముక్కూ పైకి వచ్చాయి.

"ఎవరో ఉన్నట్టున్నారే కింద," అంది బొల్లావు. "కాలు తియ్యనా?"

"తొందరేం లేదు పెద్దమ్మా, ముహూర్తం ఇంకా ఉంది," అంది చెంగమ్మ.

బొల్లావు నింపాదిగా నిలబడి నెమరు వేసింది. తర్వాత, గృహప్రవేశానికి వచ్చిన ఆవు ఏం చేస్తే శుభమంటారో అదీ చేసింది, సరిగ్గా ఆ ముక్కు మీద. గంతన్న చెట్టెక్కి గుట్టంతా వినబడేలా జరిగింది జరిగినట్టు చాటాడు. తన వేషం సంగతి కూడా దాచుకోలేదు.

సాయంత్రానికి పాపన్న ఎలాగో మట్టి పెళ్ళగించుకుని బయటపడ్డాడు. తోక వంకర పోయింది, గుహ పూడిపోయింది. ఇప్పుడు తనకే ఇల్లు కావలసి వచ్చింది. నాలుగు రోజులు తిరిగి తిరిగి, చెరువు గట్టు మీద బాతుల వీధికి చేరాడు. ఈలోగా చెంగమ్మ కూడా ఆ వీధికే చేరిందనీ, ఒక మూల ఇంట్లో అయిదుగురు పిల్లలకు పాలిస్తోందనీ అతనికి తెలియదు.

మొదటి గుమ్మంలో బాతు బంగారమ్మ మెడ చాచింది. "ఎవరు నాయనా నువ్వు? ఎవరి తాలూకు?"

"ఇంటి కోసం వచ్చానమ్మా."

"అది తెలుస్తూనే ఉంది. ఇదివరకు ఎక్కడుండేవాడివి? ఎందుకు ఖాళీ చేశావు? ఆ తోకకేమైంది? పెళ్ళయిందా? ఏం తింటావు?"

"జామకాయలు," అన్నాడు పాపన్న నీరసంగా.

"ఏ చెట్టువి?" అంది ఎదురింటి ముసలి బాతు. "ఈ చుట్టుపక్కల జామచెట్టెక్కడిది?" అంది పక్కింటి తాబేలు. గుమ్మం గుమ్మం నుంచీ ఒక్కో మెడ బయటికి వస్తోంది. ఒక్కో మెడకూ రెండేసి ప్రశ్నలు.

పాపన్న ఒక్కదానికీ జవాబు చెప్పలేక, "మంచినీళ్ళు తాగి వస్తా," అని చెరువు వైపు నాలుగడుగులు వేసి, అక్కణ్ణించి పరుగు లంకించుకున్నాడు. మళ్ళీ ఆ గుట్ట చుట్టుపక్కల కనిపించలేదు.

నీతి: ఇల్లు అద్దెకు తీసుకునే ముందు గదులతో పాటు ఇరుగుపొరుగునూ చూసుకోవాలి, మనమెవరో ఆరా తీసేవాళ్ళున్న వీధిలోనే మన పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు.